ఏడో బండ మీద రెండో దశ

బండల మీద గీతలు చూసి, భూమి లోపల ఒత్తిడి ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెప్పడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేశాను. ఈ పని ఏమిటో మా ఇంట్లోవాళ్ళకు ఎన్నడూ సరిగ్గా అర్థం కాలేదు. పెళ్ళిచూపుల రోజు మా మామగారు "అంటే బోర్లు ఎక్కడ పడతయో చెప్తరా?" అని అడిగితే, మా నాయన తడుముకోకుండా "ఆఁ, గదే" అనేశాడు. పెళ్ళయిన ఏడాదికి మా మామగారి చేను దగ్గర బోరు ఎండిపోయింది. ఆయన నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఇప్పుడు ఇదే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ రోజుల సంగతులు చెప్పండి సార్ అంటారు. గెలిచిన సంగతులు చెప్పడానికి పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది నా పరువు పోయిన సంగతి. అదే చెప్తాను. వినేటప్పుడు నవ్వు వస్తే నవ్వండి, నాకేమీ కోపం రాదు. ఒకప్పుడు వచ్చేది.

ముందు పని గురించి రెండు ముక్కలు. భూమి నొక్కుకున్నప్పుడు బండ పగులుతుంది. పగిలిన రెండు ముక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ జరుగుతాయి. ఆ రాపిడికి పగులు ముఖం నున్నబడి, దాని మీద సన్నని గీతలు పడతాయి. ఇనుప బీరువాను గచ్చు మీద ఈడ్చితే పడతాయి చూడండి, అలాంటివే. ఆ ముఖం ఎటు వాలింది, గీత ఎటు సాగింది అని కంపాసుతో కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. ముక్క ఏ వైపుకు జరిగిందో తెలియాలంటే అరచేతితో గీత వెంబడి నిమరాలి. ఒక వైపుకు నున్నగా పోతుంది, రెండో వైపుకు గరుకు తగులుతుంది. ఒక్క బండ చెప్పే మాటను ఎవరూ నమ్మరు. రకరకాలుగా వాలిన పాతిక ముప్పై ముఖాల కొలతలు చేర్చి లెక్క కడితే, వాటన్నిటినీ అలా జరిపిన ఒత్తిడి దిక్కు బయటపడుతుంది. శాస్త్రం ఇంతే. మిగతాదంతా ఎండలో తిరగడం.

జగిత్యాల వైపు ఒక గుట్ట కింద నుంచి కాలువకు సొరంగం తవ్వాలని అప్పట్లో ఒక ఆలోచన ఉండేది. సొరంగం ఏ దిక్కుకు తవ్వితే గోడలు నిలుస్తాయో తెలియాలంటే ముందు ఒత్తిడి దిక్కు తెలియాలి. అందుకని మమ్మల్ని కోరుట్లలో ఒక అద్దె ఇంట్లో దించారు. మేము ముగ్గురం. ఒకరు మా ఆఫీసరు, సముద్రం వైపు పట్నంలో ప్లీడరు గుమస్తా కొడుకు, పుస్తకం లేకుండా అన్నం కూడా తినేవాడు కాదు. రెండోవాడు మా జీపు డ్రైవర్, కోరుట్ల మనిషే, వాళ్ళది తరతరాలుగా గాజుల దుకాణం. మేము ఆయన్ను భాయ్ అనేవాళ్ళం. మూడోవాణ్ణి నేను, సిరిసిల్లలో నేత ఇంట్లో పుట్టినవాణ్ణి. నాకు పడుగు తెలుసు, పేక తెలుసు, మగ్గం చప్పుడు వింటే ఏ దారం తెగిందో తెలుసు. వరి కోతకు వచ్చిందో లేదో మాత్రం తెలియదు. మొత్తం మీద వ్యవసాయం ఎరగని ముగ్గురు మనుషులు ఎవుసం తప్ప మరొకటి లేని ఊళ్ళ మీద పడ్డారు.

నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ సీజన్ రిపోర్టు బాగుందని ఆఫీసరు రాస్తే పర్మనెంటు. లేకపోతే ఇంకో ఏడాది వేలాడాలి, లేదా ఇంటికి పోవాలి. ఇంటికి పోవడమంటే పవర్‌లూమ్ కార్ఖానాలో మా నాయన పక్క మగ్గం దగ్గర నిలబడటం. నేను పెద్ద చదువులు చదివానని వీధి వీధంతా చెప్పుకున్న మనిషి పక్కన నిలబడటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

అవి అన్నల రోజులు, నక్సలైట్లూ పోలీసులూ ఊళ్ళ మీద తిరిగే రోజులు. పగలు ఒకరు ఆపి అడిగేవారు, సాయంత్రం మరొకరు ఆపి అడిగేవారు. ఎవరు ఎవరో బట్టలను బట్టి పోల్చుకోవడమే గానీ, ప్రశ్న మాత్రం ఇద్దరిదీ ఒకటే. "బండలకు శేతులు రాస్తే ఏమొస్తది?" నేను ఒత్తిడి గురించి చెప్పబోతే మధ్యలోనే విసుగొచ్చి వదిలేసేవాళ్ళు. మా భాయ్ అయితే అడగకముందే చెప్పేవాడు. "జర పిచ్చోడు సాబ్, సర్కారు జీతమిచ్చి తిప్పుతది." ఆ ఒక్క మాటకు మమ్మల్ని వదిలేసినన్ని సార్లు నా గుర్తింపు కార్డుకు వదల్లేదు.

రెండు నెలలు తిరిగాం. గొల్లపల్లి వైపు కొన్ని, ఎల్లంతకుంట దాకా పోయి కొన్ని, మొత్తం ఇరవై మూడు ముఖాలు కొలిచాను. లెక్క కడితే ఏ రెండూ కలవలేదు. ఒకటి ఉత్తరం అంటే ఒకటి పడమర అంటుంది. రోజూ సాయంత్రం ఆఫీసరు నా కాగితాలు చూసి కళ్ళజోడు తీసి, "ఏమయ్యా, ఇది ఒత్తిడా, పంచాయితీయా?" అనేవాడు. ప్రొబేషన్ గుర్తొచ్చి నేను ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి కట్టేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కథలాపూర్ దాటాక, ఒక ఊరి బయట, ఒర్రె పక్కన ఆ బండలు దొరికాయి. ఒర్రె అంటే సన్నటి వాగు. దాని వెంబడి వరసగా పదకొండు బండలు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వాలి ఉన్నాయి. ప్రతి బండకూ ఒక ముఖం అద్దంలా నున్నగా ఉంది. దాని మీద సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. నేను మొదటి బండను నిమిరాను. ఒక వైపుకు నున్నగా పోయింది, రెండో వైపుకు గరుకు తగిలింది. రెండోదీ అలాగే, మూడోదీ అలాగే. ఆ మధ్యాహ్నం తిండి మరిచిపోయి పదకొండూ కొలిచాను. జీపు నీడలో కూర్చున్న భాయ్ కళ్ళు తెరిచి, "క్యా సార్, బంగారం దొరికిందా?" అని అడిగాడు. దొరికింది అన్నాను.

లెక్క కట్టాం. పది బండలు ఒకే మాట చెప్పాయి. అంత చక్కగా కలిసిన కొలతలు పాఠ్యపుస్తకంలో కూడా ఉండవు. ఆఫీసరు గ్రాఫు కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, మొదటిసారి నన్ను "నాయనా" అని పిలిచాడు. ఏడో బండ ఒక్కటే ఎదురు తిరిగింది. దాని మీది గీతలు మిగతా వాటికి అడ్డంగా, అవతలి వైపుకు వాలి ఉన్నాయి. నేను కొలవడంలో తప్పు చేశానేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం ఆ రోజంతా ఆలోచించి, "తప్పు కాదయ్యా. ఇది రెండో దశ. మొదటి ఒత్తిడి ఆగిపోయాక, కొన్ని లక్షల ఏళ్ళకు, వేరే దిక్కు నుంచి రెండో ఒత్తిడి వచ్చింది. అది ఈ ఒక్క బండ మీదే మిగిలింది," అన్నాడు. ఏడో బండ మీద పేజీన్నర రాశాడు. ఆ పేజీన్నర ఆయన ఎంత ప్రేమగా రాశాడో ఆయన అక్షరాలు చూస్తేనే తెలిసేది, ఒక్క కొట్టివేత కూడా లేదు.

మీకు ఒక మాట చెప్పాలి. నా పుస్తకంలో ఆ రోజు నేనే రాసుకున్నాను, "గీతలు నేల నుంచి మోకాలి ఎత్తున మొదలై ఛాతీ ఎత్తున ఆగిపోతున్నాయి" అని. పదకొండు బండలకూ అదే. పక్కనే కారణం కూడా రాశాను, పైభాగం ఎండకూ వానకూ చెరిగిపోయిందని. కళ్ళు చూశాయి, చెయ్యి రాసింది, బుర్ర మాత్రం పర్మనెంటు ఉత్తర్వు చదువుకుంటూ కూర్చుంది.

రిపోర్టు టైపు అయింది. పంపే ముందు ఆఫీసరుకు ఒక కోరిక పుట్టింది. ఏడో బండ ఫొటో కావాలి, అదీ పొద్దున ఏటవాలు ఎండలో తీయాలి. అప్పుడైతే గీతల నీడ పడి బాగా కనబడతాయి. అన్నాళ్ళూ మేము ఒర్రె దగ్గరకు వెళ్ళింది టిఫిన్ తిని, టీ తాగి, పదిన్నర దాటాకే. ఆ రోజు మాత్రం ఆఫీసరును ఇంట్లో వదిలి, భాయ్, నేనూ తెల్లవారగానే బయలుదేరాం.

జీపు దిగి గట్టెక్కి చూసేసరికి నా బండల దగ్గర మనుషులున్నారు. ఒక్కో బండ దగ్గర ఒక్కరు. ఒకరు గొడ్డలి, ఒకరు కొడవలి, ఇంకొకరు మచ్చుకత్తి, ఒర్రె నీళ్ళు దోసిట్లో తెచ్చి బండ మీద చల్లడం, నూరడం, బొటనవేలితో అంచు చూసుకోవడం, మళ్ళీ నూరడం. పదకొండు బండల మీద పదకొండు మంది భూమి ఒత్తిడిని తయారు చేస్తున్నారు.

దగ్గరున్న పెద్దమనిషిని అడిగాను. "ఏం జేత్తున్నవు పెద్దయ్యా?"

"కండ్లు లెవ్వా సారూ? గొడ్డలి నూరుతున్న."

"రోజూ గీడనే నూరుతరా?"

"గీడ గాక యాడ నూరాలె? మా తాత గూడ గీ బండకే నూరిండు. శేన్లకు పోయేటప్పుడు నీళ్ళుంటయి, బండ ఉంటది. నూరుకొని పోతం."

మళ్ళీ అడిగాను. "మరి అందరు గిట్ల ఒక్క దిక్కే నిలవడ్డరేంది?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అటు మల్లి నిలవడితె పొద్దు కండ్లల్ల గొట్టదా?"

రెండు నెలలు తిరిగి, ఒక రాత్రీ పగలూ లెక్క కట్టి, గ్రాఫు గీసి, భూమి పొర ఏ దిక్కు నుంచి నొక్కుకుంటున్నదో నేను తేల్చిన ఆ దిక్కు, పొద్దున ఎండ కంట్లో పడకుండా మనుషులు వీపు తిప్పే దిక్కు. పక్కకు చూస్తే భాయ్ టోపీ తీసి మొహం దాచుకుని నవ్వుతున్నాడు.

అప్పటికీ ఆశ చావక ఏడో బండ దగ్గరకు నడిచాను. అక్కడ ఒక అవ్వ చీర బిగించి కొడవలి నూరుతున్నది. ఎడమ చేత్తో.

"అవ్వా, నీది ఎడమశెయ్యా?"

"పుట్టుకతోనే పుర్రశెయ్యి కొడుకా. ఒక్క బండకు ఇద్దరం నూరితె నా మోశెయ్యి పక్కోళ్ళకు తాకుతదని ఒక్కటే లొల్లి. గీ బండ నాకు ఇడిసిపెట్టిండ్రు. నలబై ఏండ్లాయె, దీన్ని ఇంకెవ్వలు ముట్టరు."

ఆఫీసరు రాసిన లక్షల ఏళ్ళ రెండో దశ నా ముందు నిలబడి, కొడవలి అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకుంటున్నది.

నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు గట్టు అవతల నుంచి ఇంకో జీపు చప్పుడు వినబడింది. మాది కాదు. ఆ చప్పుడు వాళ్ళందరికీ తెలుసు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, గొడ్డళ్ళూ కొడవళ్ళూ తంగేడు పొదల్లోకి వెళ్ళిపోయాయి. పదకొండు మంది ఖాళీ చేతులతో, తడి బండల పక్కన నిలబడ్డారు. వాళ్ళ మొహాలు చూశాక నాకు నవ్వు రాలేదు. చాలా రోజులుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో, గొడ్డలితో దారిలో ఎదురైన మనిషిని అన్నల దళానికి సాయం చేసేవాడేనని పోలీసులు పట్టుకుపోవడం జరుగుతున్నది. అలా పోయి తిరిగొచ్చినవాళ్ళు గొడ్డలి ఎత్తే పనికి మళ్ళీ పనికిరాలేదు.

ఎస్సై దిగాడు, వెనక నలుగురు కానిస్టేబుళ్ళు. మనిషి నా వయసువాడే, కొంచెం పెద్ద. నా కార్డు తీసుకుని తిరగేసి చూశాడు.

"ఓ, బండలకు శేతులు రాసే సారు నువ్వేనా? పొద్దుగాల్నే అచ్చినవేంది?"

"ఫొటో కోసం సార్."

"మాకు రిపోర్టు అచ్చింది. గీ ఒర్రె కాడ దళమోళ్ళకు కత్తులు, గొడ్డండ్లు నూరి ఇస్తుండ్రని. నూరేటోళ్ళను పట్కరమ్మని పైనుంచి ఆర్డరు." మొదటి బండ దగ్గరకు పోయి వేలితో గీతల మీద కొట్టాడు. "నువ్వు చదువుకున్నోనివి. జెప్పు. గీ గీతలేంది?"

నిజం చెప్తే ఏమవుతుందో మీరు అడగవచ్చు, చేను పనికే కదా నూరుకున్నారు అని. నూరిన గీతలే అన్న మాట నా నోట వస్తే చాలు, పదకొండు మందీ జీపు ఎక్కుతారు. ఎవరి కోసం నూరారన్నది స్టేషన్‌లో తేలుతుంది, అది తేలేదాకా వాళ్ళకేమవుతుందో అందరికీ తెలుసు. అవ్వ నా వైపు చూడటం లేదు, నేల చూస్తున్నది. ఆమెను కూడా ఎక్కిస్తారేమో.

"భూమి జరిగిన గీతలు సార్," అన్నాను.

"ఏం జరిగినయి?"

"భూమి సార్. లోపల ఒత్తిడికి."

"మంచిగ సమజయ్యేటట్టు జెప్పు."

చెప్పాను. ఇంటర్వ్యూలో నోరు పెగలని నేను, ఆఫీసరు ముందు నత్తి నత్తిగా మాట్లాడే నేను, ఆ రోజు ఒర్రె పక్కన గంటసేపు ధారగా చెప్పాను. భూమి పొరలు ఎలా నొక్కుకుంటాయో, బండ ఎలా పగులుతుందో, ముక్కలు ఎలా రాసుకుంటాయో, నునుపు ఎటు, గరుకు ఎటు. ఎస్సై చెయ్యి పట్టుకుని బండ మీద పెట్టి నిమిరించాను. నా జీవితంలో అంత మంచి పాఠం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, ఆ బండలకు వర్తించకపోవడం తప్ప.

"బండలు తడిగ ఉన్నయేంది?"

"నేనే కడిగిన సార్. తడిస్తే గీతలు ఫొటోల మంచిగ పడుతయి."

"నడుమెత్తులనే ఉన్నయి, పైన లెవ్వు, కింద లెవ్వు?"

ఈ ప్రశ్న బండలు కొలిచిన రోజే నేను వేసుకోవలసింది. "పైన వానకు చెరిగిపోయినయి సార్," అన్నాను. ఎస్సై మీసం అదిరింది. కోపం వచ్చిందనుకున్నాను.

"గీళ్ళంత ఎవలు?"

"నా కూలీలు సార్."

"గీ అవ్వ ఏం కూలి జేత్తది?"

ఫొటోలో కొలత తెలియడానికి బండ పక్కన పెట్టే చెక్క స్కేలు నా సంచిలో ఉంది. తీసి అవ్వ చేతికిచ్చాను. "స్కేలు పట్టుకుంటది సార్." అవ్వ వెంటనే దాన్ని నిటారుగా పట్టుకుని, పటం దిగేవాళ్ళలాగా నిలబడింది. ఎడమ చేత్తోనే పట్టుకున్నది.

ఎస్సై ఏడో బండ ముందు ఆగాడు. "అన్నీ అటు ఉన్నయి. ఇదొక్కటి ఇటు ఉన్నదేంది?"

"రెండో దశ సార్," అన్నాను. ఆఫీసరు పేజీన్నరా నాకు కంఠస్థం. మొత్తం అప్పజెప్పాను. కానిస్టేబుళ్ళలో ఒకడు చెట్టు వైపు తిరిగి దగ్గుతున్నాడు. ఎస్సై మా భాయ్ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. భాయ్ గుండె మీద చెయ్యి వేసుకుని, "సచ్ సాబ్. జమీన్ హిల్తా, భూమి ఊగుతది. మేము రోజు జూస్తున్నం," అన్నాడు.

"సరే. రాసియ్యి," అన్నాడు ఎస్సై. "గీ గీతలు భూమి జరిగినయి, మనుషులు జేసినయి గావు అని. సంతకం బెట్టు. ముద్ర గూడ ఉండాలె."

జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. భాయ్ పనిముట్ల పెట్టెలోంచి ఆఫీసు ముద్ర వెతికి తెచ్చి, సిరా ఆరిపోయి ఉంటే ఒర్రె నీళ్ళు చుక్క వేశాడు.

"గెజిటెడా నువ్వు?" అన్నాడు ఎస్సై కాగితం ఊదుకుంటూ.

"ప్రొబేషన్ల ఉన్న సార్."

"నడుస్తది తియ్యి," అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జీపు చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయింది. తర్వాత ఒక్కొక్కరూ పొదల్లోంచి తమ తమ సామాను తీసుకున్నారు. పెద్దమనిషి నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి చేను దారి పట్టాడు. అవ్వ స్కేలు తిరిగి ఇస్తూ అడిగింది.

"గంతసేపు మంచిగనే జెప్పినవ్ గని కొడుకా, నా బండ మీద ఆ రెండోది ఎన్నడు జరిగింది?"

"నలబై ఏండ్ల కింద అవ్వా."

అవ్వ నవ్విన నవ్వుకు ఒర్రె అవతల కొంగలు లేచాయి.

తిరిగి వస్తున్నప్పుడు దారిలో టైపు చేసి పెట్టిన రిపోర్టు గుర్తొచ్చింది. అబద్ధం అక్కడితో ఆగదు కదా. ఆ రిపోర్టు హైదరాబాదు పోతుంది. దాన్ని చూసి సొరంగం దిక్కు నిర్ణయిస్తారు. రేపు ఆ గోడ కూలి నలుగురు లోపల ఉండిపోతే, ఎండకు వీపు తిప్పిన దిక్కును నేను భూమి నెత్తిన రుద్దినట్టు. చెప్తే మాత్రం నా ప్రొబేషన్ పోతుంది. కోరుట్ల వచ్చేదాకా ఆలోచించాను. వచ్చాక ఆలోచించడం మానేసి ఆఫీసరు ముందు నిలబడి అంతా చెప్పాను.

ఆయన విన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"ఏడో బండ?"

"ఎడమచేయి సార్."

"ఎవరిది?"

"ఒక అవ్వది."

"పేజీన్నర రాశానయ్యా," అన్నాడు. ఆయన గొంతు విని నాకు నిజంగా ఏడుపు వచ్చింది. తప్పు నాది, పోయింది ఆయన ప్రేమగా రాసుకున్న పేజీన్నర.

కాసేపటికి ఆయనే తేరుకున్నాడు. పదకొండు కొలతలూ తీసేయాలి, అందులో మాట లేదు. కానీ తీసేయడానికి కారణం రాయాలి. గొడ్డళ్ళు నూరిన గీతలని రిపోర్టులో రాస్తే దాని నకలు కలెక్టరాఫీసుకు పోతుంది, అక్కణ్ణించి ఎస్పీ ఆఫీసుకు పోతుంది. నేను రాసిచ్చిన కాగితం అబద్ధమని తేలుతుంది. పదకొండు మందీ మళ్ళీ జీపు ఎక్కుతారు. ఆయన కలం పట్టుకుని కూర్చున్నాడు, రాయడం లేదు.

"నేను అజాగ్రత్తగా కొలిచానని రాయండి సార్," అన్నాను.

"అది రాస్తే నీ ప్రొబేషను పొడిగిస్తారు. నేనే పొడిగించమని రాయాల్సి వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. అయినా అజాగ్రత్త నిజమే కదా."

ఆయన రాశాడు. రాసి, సిరా ఆరేదాకా నా మొహం చూడలేదు. ఏడాది పొడిగించారు. సిరిసిల్ల పోయి మా నాయనతో అన్నీ వివరంగా చెప్తే, ఆయన మగ్గం ఆపి విన్నాడు. "బట్ట మీద గీత జూస్తే అది మగ్గం మీద పడ్డదా, మడత పెడితే పడ్డదా నేను దూరం కెల్లి జెప్త. గన్ని చదువులు చదివి, బండ మీద గీత యాడిదో నీకు ఎర్క గాలె," అన్నాడు. ఇంకేదో తిడతాడని చూస్తుంటే, "పదకొండు మంది ఇంటికి పోయిండ్రు గద, పోనీ," అని మళ్ళీ మగ్గం నడిపాడు. ఆ రోజు కార్ఖానా చప్పుడు నాకు చాలా హాయిగా వినిపించింది.

మీలాంటి వాళ్ళకు పనికొచ్చే మాట ఒక్కటి ఇక్కడ చెప్పేస్తాను. నిజమైన గీత బండ ముఖంతో ఆగిపోదు, అతుక్కున్న ముక్క కిందికి దూరుతుంది. సుత్తితో అంచు పగలగొట్టి లోపల కూడా ఉందో లేదో చూడండి. అంతకంటే సులువైన దారి, పొద్దున్నే ఒకసారి అక్కడికి పోయి చూడండి.

ఏడాది తర్వాత నా ఉత్తర్వు వచ్చింది. అది తీసుకుని వస్తూ జగిత్యాల బస్టాండు హోటల్‌లో చాయ్ తాగుతుంటే, మామూలు బట్టల్లో ఒక మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఎస్సై. బదిలీ మీద పోతున్నాడట.

"ఏం సారూ, రెండో దశ మంచిగున్నదా?" అన్నాడు.

ఉత్తర్వు చేతిలో ఉన్న ధైర్యమో, ఆయన ఎటూ వెళ్ళిపోతున్నాడన్న ధైర్యమో, మనసులో దాచుకోలేకపోయాను. "సార్, మీకొకటి జెప్పాలె. గవి భూమి జరిగిన గీతలు గావు. గొడ్డండ్లు నూరినయే. శేన్లకు పోయేటోళ్ళు నూరుకున్నయి."

ఆయన బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "నేను ఎవుసం జేసేటోళ్ళింట్ల పుట్టిన సారూ. నూరిన బండ నాకు తెల్వదా? మా కానిస్టేబుళ్ళకు తెల్వదా? నువ్వు గంటసేపు జెప్తుంటే నవ్వకుంట నిలవడేసరికి మాకు పానం పోయింది."

"మరి కాయితం ఎందుకు రాయించుకున్నరు?"

"పట్కరమ్మన్నరు. ఉత్త శేతులతోని పోతే నన్ను అడుగుతరు. ముద్ర ఉన్న కాయితం తీస్కపోతే ఎవ్వలు అడగరు." చాయ్ గుక్క మింగి, "నా నసీబు మంచిగున్నదని సంబురపడ్డ సారూ," అన్నాడు. "గంత అమాయకుడు, నమ్మి జెప్తుండు గాబట్టి గట్టిగ జెప్తుండు, గీ కాయితం నిలవడుతది అనుకున్న. ఎప్పుడెర్కయింది నీకు?"

"గా పొద్దుగాల్నే సార్. మీ జీపు అచ్చే ముందే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎర్కయే రాసిచ్చినవా?"

"ఎర్కయే రాసిచ్చిన."

ఎస్సై హోటల్ ఆయన వైపు రెండు వేళ్ళు చూపించి ఇంకో రెండు చాయ్‌లు తెమ్మన్నాడు. మేమిద్దరం బస్సులు తప్పిపోయేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ పొద్దున ఒర్రె దగ్గర అసలు సంగతి తెలియని మనిషి ఒక్కడు కూడా లేడు. అయినా అందరూ గంటసేపు నిలబడి నా పాఠం విన్నారు.